నలుగురు కలిసి ఒక సెస్నా: సొంత విమానం ఖర్చు పంచుకోవడం ఎలా

అమెరికాలో ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ చేతికొచ్చిన కొన్ని నెలలకే అద్దె విమానంతో విసుగు మొదలవుతుంది. శనివారం పొద్దున ఖాళీ దొరకదు. రెండు రాత్రులు వేరే ఊళ్లో ఉంచుకుంటానంటే, ఎగిరినా ఎగరకపోయినా రోజుకు కనీసం ఇన్ని గంటలని బిల్లు వేస్తారు. పోనీ ఒక్కరే కొందామంటే, నెలలో చాలా రోజులు విమానం హ్యాంగర్లో ఖాళీగా కూర్చుంటుంది, ఖర్చు మాత్రం కూర్చోదు. అందుకే ఇద్దరో, నలుగురో కలిసి సెస్నా 172, పైపర్ చెరొకీ లాంటి పాత నాలుగు సీట్ల చిన్న విమానం కొనుక్కోవడం అక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, బే ఏరియాలోనో ఎగరడం నేర్చుకున్న తెలుగువాళ్లకు ఇందులో కొన్ని అదనపు మెలికలు ఉన్నాయి. వాటినీ కలిపి చెబుతున్నాం.

ఇక్కడి నిబంధనలన్నీ అమెరికావి. లెక్కలు నలుగురు భాగస్వాములు, ఒక 1970ల నాటి సెస్నా 172ఎం అనుకుని వేసిన ఉదాహరణలు. మీ విమానాశ్రయంలో హ్యాంగర్ అద్దె, మీ బీమా ధర తెలుసుకుని ఆ అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం అదే.

స్నేహితుల మధ్య డబ్బు దగ్గర మనకు మొహమాటం ఎక్కువ. "తర్వాత చూసుకుందాంలే" అని వదిలేసిన ప్రతి విషయం ఈ పొత్తులో తర్వాత తగాదా అవుతుంది. రేటు ఎంత, ఎవరికి ఎప్పుడు, బయటికెళ్లేటప్పుడు ఎంత తీసుకుంటారు అన్నవి విమానం చూడ్డానికి వెళ్లకముందే కాగితం మీదికి రావాలి. విమానం నచ్చాక ఎవరికీ ఒప్పందం చదివే ఓపిక ఉండదు.

మొదటి అడుగు: ఎంతమంది, ఎలాంటివాళ్లు

ఇద్దరైతే క్యాలెండర్ గొడవ ఉండదు కానీ ఒకరు తప్పుకుంటే రెండోవారి నెత్తిన సగం బరువు పడుతుంది. అయిదుగురు దాటితే చాలా బీమా కంపెనీలు మామూలు వ్యక్తిగత పాలసీ కాదు, క్లబ్ పాలసీ తీసుకోమంటాయి. ముగ్గురు, నలుగురు సరైన సంఖ్య.

వాళ్ల పైలట్ అనుభవం కంటే ముందు మూడు విషయాలు అడగండి. ఏడాదికి ఎన్ని గంటలు ఎగురుతారు? ఇన్స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత) ఉందా, మబ్బుల్లో ఎగరడానికి కావలసిన పరికరాల కోసం డబ్బు పెడతారా? ఉన్నపళాన ఒక్కొక్కరు 5,000 డాలర్లు కట్టాల్సివస్తే కట్టగలరా? మూడో ప్రశ్నకు తడబడేవారిని తీసుకోకండి. ఒక సిలిండర్ పగిలితే ఆ రోజు రానే వస్తుంది. నలుగురిలో ఒకరు ఆదివారం చుట్టుపక్కల అరగంట తిరిగితే చాలనుకునేవారు, మరొకరు కొత్త గ్లాస్ ప్యానెల్ (డిజిటల్ తెరల డ్యాష్‌బోర్డు) కావాలనేవారు అయితే ఆ గుంపు రెండేళ్లు నిలవడం కష్టం.

రెండో అడుగు: విమానం ఎవరి పేరు మీద

మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. అమెరికాలో విమానం రిజిస్ట్రేషన్ ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ (విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రీలో జరుగుతుంది, అక్కడ యజమాని పౌరసత్వం చూస్తారు. సిటిజన్లూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ వ్యక్తిగతంగా తమ పేరు మీద రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇద్దరు సిటిజన్లు, ఇద్దరు గ్రీన్‌కార్డువాళ్లు కలిసి సహ యజమానులుగానూ చేసుకోవచ్చు. కానీ దరఖాస్తులో 'పార్ట్‌నర్‌షిప్' అన్న గడిలో టిక్ పెట్టారో, భాగస్వాములు ప్రతి ఒక్కరూ సిటిజనే అయి ఉండాలి. అదే నలుగురు, అదే విమానం, అయినా 'సహ యజమానులు' అన్న గడిలో టిక్ పెడితే చెల్లుతుంది, పక్క గడిలో పెడితే చెల్లదు.

ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి దాని పేరు మీద కొంటే ఇంకో లెక్క. ఓటు హక్కులో కనీసం 75 శాతం సిటిజన్ల చేతిలో ఉండాలి, నిర్వహించేవాళ్లలో మూడింట రెండు వంతుల మంది సిటిజన్లు కావాలి. నలుగురు సమాన వాటాదారుల్లో ఒకరు గ్రీన్‌కార్డు అయితే సరిగ్గా 75 శాతం దగ్గర ఆగుతుంది. ముగ్గురిలో ఒకరు గ్రీన్‌కార్డు అయితే సిటిజన్ల వాటా 67 శాతమే, కుదరదు. ఇక హెచ్‌1బీ మీద ఉన్నవారు తమ పేరున రిజిస్టర్ చేసుకోలేరు. విమానాన్ని ఒక ట్రస్టీ పేరున ఉంచే పద్ధతి ఉంది కానీ దానికి ఏటా ఫీజు పడుతుంది, నాలుగు సీట్ల పాత విమానానికి అది గిట్టుబాటు కాదు. అలాంటివారు వాటా లేకుండా నెలవారీ రుసుము కట్టి ఎగిరే సభ్యులుగా చేరవచ్చు, బీమా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే.

సహ యజమాన్యమా, ఎల్‌ఎల్‌సీయా? సహ యజమాన్యం చవక, కాగితాలు తక్కువ. అయితే ఒక్కరు మారినా రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, అమ్మేటప్పుడు అందరి సంతకాలూ కావాలి. ఒకాయన ఇండియాకు శాశ్వతంగా వెళ్లిపోతే ఆ సంతకం కోసం అర్ధరాత్రి వీడియో కాల్స్ తప్పవు. ఎల్‌ఎల్‌సీలో వాటా చేతులు మారుతుంది, విమానం మాత్రం అదే కంపెనీ పేరున ఉంటుంది. ఖర్చు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఎల్‌ఎల్‌సీ ఏమీ సంపాదించకపోయినా ఏటా కనీసం 800 డాలర్లు కట్టాలి. ఒక అపోహ వదిలేయండి: ఎల్‌ఎల్‌సీ మిగతా భాగస్వాములకు కొంత రక్షణ ఇస్తుంది, పైలట్ సీట్లో కూర్చుని తప్పు చేసినవారిని మాత్రం కాపాడదు. ఆ పని బీమాది.

సేల్స్ ట్యాక్స్ లేని రాష్ట్రంలో కొని ఇంటికి తెచ్చుకుంటే పన్ను తప్పిందనుకోకండి, చాలా రాష్ట్రాలు యూజ్ ట్యాక్స్ పేరుతో తర్వాత అడుగుతాయి. కాలిఫోర్నియాలో కౌంటీలు విమానంపై ఏటా ఆస్తిపన్ను కూడా వేస్తాయి.

మూడో అడుగు: కొనేముందు చూడాల్సినవి

అమ్మేవారితో ధర కుదిరాక అడ్వాన్సు నేరుగా ఇవ్వకుండా ఎస్క్రోలో, అంటే ఇద్దరికీ మధ్యనున్న మూడో సంస్థ దగ్గర పెట్టండి. ఎఫ్‌ఏఏ రికార్డుల్లో టైటిల్ వెతికించండి. పాత బ్యాంకు అప్పు తీరినా విడుదల పత్రం దాఖలు కాక తాకట్టు అలాగే కనిపించే విమానాలు ఎన్నో.

పరీక్ష చేసే మెకానిక్ ఇదివరకు ఆ విమానం చూసినవారు కాకూడదు. కంప్రెషన్ పరీక్షలో సిలిండర్లోకి 80 పీఎస్‌ఐ గాలి పంపి ఎంత నిలిచిందో చూస్తారు. 70కి పైన ఉంటే నిశ్చింత. 60 దగ్గరికి దిగితే అంకె కంటే గాలి ఎటు పోతోందో అడగండి. ఎగ్జాస్ట్ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్ పోయినట్టు, నూనె పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగుల అరుగుదల. బోరోస్కోప్‌తో (సిలిండర్లోకి దూర్చే సన్నటి కెమెరా) వాల్వుల ఫొటోలు తీయించి నలుగురూ దాచుకోండి, ఏడాది తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తాయి. సెస్నాల్లో సీటు పట్టాల మీద ఏడీ (ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, అంటే ఎఫ్‌ఏఏ ఇచ్చే తప్పనిసరి భద్రతా ఆదేశం) 2011-10-09 ఉంది. పట్టాల రంధ్రాలు అరిగితే టేకాఫ్‌లో సీటు వెనక్కి జారుతుంది. ఆ తనిఖీ లాగ్‌బుక్‌లో క్రమం తప్పకుండా నమోదై ఉందో లేదో చూస్తే పాత యజమాని ఎలాంటివాడో సగం తెలిసిపోతుంది.

మెకానిక్‌కి ఒక మాట స్పష్టంగా చెప్పండి: ఇది కొనుగోలుకు ముందు చేసే పరీక్ష మాత్రమే, ఆన్యువల్ ఇన్‌స్పెక్షన్ (ఏటా తప్పనిసరిగా చేయించే పూర్తి తనిఖీ) కాదు. మొదటే ఆన్యువల్‌గా మొదలుపెడితే, లోపం బయటపడ్డాక ఇంకా మీది కాని విమానం అక్కడే నిలిచిపోతుంది, మరమ్మతు ఎవరిదన్న పేచీ మొదలవుతుంది. అంతా బాగుందని తేలి ధర ఖరారయ్యాక అదే పనిని ఆన్యువల్‌గా పూర్తి చేయించుకోవచ్చు.

నాలుగో అడుగు: రెండు వేర్వేరు లెక్కలు

పంపకం నిలిచేదీ కూలేదీ ఇక్కడ. విమానం కదలకపోయినా అయ్యే ఖర్చు సమానంగా పంచాలి, ఎగిరితేనే అయ్యే ఖర్చు ఎగిరినవారే కట్టాలి. సొంతూరికెళ్లి మూడు నెలలు ఉన్నా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కట్టక తప్పనట్టే, మొదటి రకం డబ్బుకు మినహాయింపు ఉండకూడదు. "ఈ నెల నేను ఎగరలేదు కదా" అన్న మాటకు ఒక్కసారి తల ఊపితే ఇక ఆగదు.

ఏడాది స్థిర ఖర్చు ఇలా అనుకుందాం:

హ్యాంగర్, నెలకు 350 చొప్పున: 4,200 డాలర్లు
బీమా: 3,600
ఆన్యువల్ ఇన్‌స్పెక్షన్ 1,800, అందులో బయటపడే మరమ్మతులకు 2,400: మొత్తం 4,200
జీపీఎస్ డేటాబేస్: 500
రెండేళ్లకోసారి వచ్చే ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే పరికరం), ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటరు) పరీక్షలు, ఈఎల్‌టీ (ప్రమాదంలో సంకేతం పంపే పరికరం) బ్యాటరీ, ఏడాదికి సర్దితే: 300
ఎల్‌ఎల్‌సీ ఫీజు, బ్యాంకు, చిల్లర: 400

మొత్తం 13,200. నెలకు 1,100, మనిషికి 275 డాలర్లు. ఇది ప్రతి నెల ఒకటో తేదీన ఆటోమేటిక్‌గా ఉమ్మడి ఖాతాలో పడాలి. ఎవరో ఒకరి క్రెడిట్ కార్డు మీద అన్నీ కట్టి తర్వాత వసూలు చేసుకునే పద్ధతి పెట్టుకోవద్దు, ఆ ఒకరు ఆరు నెలల్లో బాకీల కోసం అందరి వెంటపడే మనిషి అవుతారు.

ఆన్యువల్‌లో మరమ్మతులకు వేరే గీత గీసింది కావాలనే. షాపు చెప్పే ఫ్లాట్ రేటు విప్పి చూసి మూయడానికి మాత్రమే. పగిలిన ఎగ్జాస్ట్ గొట్టం, అరిగిన బ్రేక్ డిస్కు, కారుతున్న సీలు దాని మీద అదనం. ఫ్లాట్ రేటునే మొత్తం ఖర్చనుకుని బడ్జెట్ వేసిన గుంపులకు మొదటి ఆన్యువల్ గట్టి దెబ్బే.

ఇక గంట ఖర్చు:

పెట్రోలు, గంటకు 8.5 గ్యాలన్లు, గ్యాలన్ 6 డాలర్లు: 51
నూనె, ఫిల్టరు, ఆయిల్ అనాలిసిస్: 4
ఇంజిన్ నిధి: 18
టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, మాగ్నెటోల (స్పార్క్ ప్లగ్గులకు కరెంటిచ్చే భాగాల) 500 గంటల తనిఖీ, అనుకోని పనులు: 12

మొత్తం గంటకు 85 డాలర్లు, పెట్రోలుతో కలిపి. బయట ఊళ్లో సొంత డబ్బుతో పోయించుకున్న పెట్రోలు రసీదు చూపితే ఖాతా నుంచి తిరిగివ్వాలి, అయితే ఇంటి విమానాశ్రయం ధర వరకే. ఖరీదైన చోట దిగి గ్యాలన్ 9 డాలర్లకు పోయించుకున్న ముచ్చట మిగతా ముగ్గురి మీద పడకూడదు.

గంట అంటే ఏ గంట? ఇదీ ముందే రాసుకోవాలి. హాబ్స్ మీటరు నూనె ఒత్తిడి వచ్చినప్పటినుంచి గడియారంలాగా నడుస్తుంది. టాక్ మీటరు ఇంజిన్ తిరిగే వేగాన్ని బట్టి నడుస్తుంది, నేల మీద టాక్సీ చేసేటప్పుడు మెల్లగా, పైన నిలకడగా ఎగిరే క్రూజ్‌లో దాదాపు గడియారమంత వేగంగా. మామూలుగా టాక్ అంకె హాబ్స్ కంటే 10 నుంచి 20 శాతం తక్కువ. మెయింటెనెన్స్ అంతా టాక్ మీదే నడుస్తుంది కాబట్టి బిల్లు కూడా టాక్ మీదే వేయండి. కానీ అద్దె విమానంతో పోల్చేటప్పుడు మర్చిపోకండి: ఫ్లైట్ స్కూల్ రేటు సాధారణంగా హాబ్స్ మీద. టాక్ 15 శాతం తక్కువ అనుకుంటే, టాక్ గంటకు 85 అంటే హాబ్స్ గంటకు సుమారు 72.

ఆ లెక్కన, మీ ఊళ్లో అద్దె గంటకు 180 అనుకుంటే తేడా 108. మనిషికి ఏడాది స్థిర ఖర్చు 3,300ని దాంతో భాగిస్తే 31 గంటలు. అంతకు మించి ఎగిరితేనే లాభం. అదీ పెట్టుబడి మీద వడ్డీ వేసుకోకుండా. విమానానికి, ముందస్తు ఇంజిన్ నిధికి (దాని సంగతి కింద చెబుతాం) కలిపి మనిషికి 30,400 పెట్టారనుకుని 4 శాతం వడ్డీ కలిపితే గీత 42 గంటల దగ్గరికి జరుగుతుంది. ఏడాదికి 20 గంటలు ఎగిరేవారికి హాబ్స్ గంట 237 డాలర్లు పడుతుంది, 70 గంటలు ఎగిరేవారికి 119. ఇరవై గంటల మనిషి అద్దెకే ఎగరడం మంచిది. మనసు నొచ్చుకుంటారని చెప్పకుండా చేర్చుకుంటే, రెండో ఏడాది వాటా అమ్ముకునే మొదటి మనిషి ఆయనే.

ఇంజిన్ నిధి: గంటకు 18 ఎక్కడినుంచి వచ్చింది

172ఎంలో ఉండే లైకమింగ్ ఓ-320 ఇంజిన్‌కి ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేసి మళ్లీ బిగించడం) గడువు 2,000 గంటలు. ఓవర్‌హాల్‌కి 36,000 డాలర్లనుకుంటే గంటకు 18. ఇంతవరకు అందరూ వేస్తారు. అసలు చిక్కు తర్వాత ఉంది. మీరు కొన్న విమానంలో ఇంజిన్ ఇప్పటికే 1,200 గంటలు తిరిగింది. మిగిలింది 800 గంటలే. 18 చొప్పున 800 గంటలు కూడబెడితే 14,400 అవుతుంది, కావలసింది 36,000.

దీనికి రెండు దారులు. ఒకటి, మిగిలిన 800 గంటల మీదే అంతా వేయడం, అంటే గంటకు 45. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ దీంట్లో ఎక్కువ ఎగిరేవారు, పాత యజమాని అరగదీసిన గంటలకు కూడా డబ్బు కడుతున్నారు. ఓవర్‌హాల్ అయ్యాక కొత్త ఇంజిన్ మాత్రం నలుగురిదీ సమానం. రెండోది, తిరిగిన 1,200 గంటలకు 21,600 డాలర్లు మొదటిరోజే నిధిలో వేయడం, మనిషికి 5,400. ఆ తర్వాత గంటకు 18 చాలు. అమ్మేవారు అలసిన ఇంజిన్‌కి ధర తగ్గించే ఇస్తారు కాబట్టి, ఆ తగ్గిన డబ్బునే నిధిలోకి మళ్లిస్తున్నారని అనుకోండి. మా సలహా రెండో దారి. నిధి వేరే సేవింగ్స్ ఖాతాలో ఉండాలి, తీయడానికి కనీసం రెండు సంతకాలు కావాలి. స్థిర ఖర్చుకు డబ్బు తగ్గినప్పుడు నిధిలోంచి 'సర్దుబాటు' చేయడం మొదలెడితే ఓవర్‌హాల్ రోజున ఖాతాలో ఏమీ ఉండదు.

2,000 గంటలు చేరకముందే ఇంజిన్ చావడానికి మామూలు కారణం వాడకం ఎక్కువవడం కాదు, ఖాళీగా ఉండటం. లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిపించే ఇరుసు) పైభాగాన ఉంటుంది. విమానం కదలకపోతే దాని మీది నూనె కారిపోతుంది, తేమ పట్టి తుప్పు మొదలవుతుంది, తర్వాత దాన్ని ఆనుకుని ఉండే లిఫ్టర్లు పొరలుగా లేస్తాయి, ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే ఇనుప రజను. నలుగురి పొత్తులో ఉన్న పెద్ద లాభం, ఎవరో ఒకరు వారానికోసారి ఎగరడమే. మనవాళ్ల గుంపులో డిసెంబర్‌లో నలుగురూ ఒకేసారి ఇండియా వెళ్లే ప్రమాదం ఉంది! అప్పుడు ఎవరినైనా నేల మీద పది నిమిషాలు ఇంజిన్ నడపమని చెప్పి వెళ్లకండి, అది ఇంకా చెడుపు. నూనె 165 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరి కొంతసేపు అక్కడ నిలిస్తేనే తేమ ఆవిరవుతుంది, దానికి గాల్లోకి వెళ్లాల్సిందే. బీమా ఒప్పుకునే పైలట్‌తో రెండు వారాలకోసారి గంట ఎగిరించే ఏర్పాటు చేసుకోండి.

అయిదో అడుగు: బీమా

వాటాదారుల పేర్లు ఖరారు చేయకముందే నలుగురి అనుభవం వివరాలు బ్రోకర్‌కి పంపి కోట్ తీసుకోండి. ధర తేల్చేది సాధారణంగా అందరిలోకి తక్కువ గంటలున్నవారు. ఆయన వల్ల పెరిగిన మొత్తం ఆయనే కడతారా, నలుగురూ పంచుకుంటారా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. మొదటి ఏడాది పెరిగినంతా ఆయన కట్టి, గంటలు పెరిగాక సమానం చేసుకోవడం న్యాయంగా ఉంటుంది.

పాలసీలో మూడు చోట్ల కళ్లు పెట్టి చదవండి. లయబిలిటీ (ఇతరులకు జరిగిన నష్టానికి ఇచ్చేది) 10 లక్షల డాలర్లని పైన పెద్ద అక్షరాల్లో ఉన్నా, లోపల ప్రయాణికుడికి 1,00,000 అని పరిమితి ఉండటం సర్వసాధారణం. భార్యాపిల్లలే ప్రయాణికులైనప్పుడు ఆ అంకెకు అర్థం మీకే తెలుస్తుంది. రెండోది, సహ యజమానులందరి పేర్లూ బీమాదారులుగా ఉన్నాయా, ఒకరి తప్పుకు కంపెనీ నష్టం చెల్లించాక మరొకరి మీద దావా వేయకుండా మినహాయింపు ఉందా. మూడోది, హల్ విలువ, అంటే విమానానికే బీమా చేయించిన మొత్తం. మార్కెట్ కంటే తక్కువకు చేయిస్తే చిన్న ప్రమాదానికే కంపెనీ విమానాన్ని పనికిరానిదిగా తేల్చి ఆ కాస్త మొత్తం చేతిలో పెట్టి తీసుకుపోతుంది. ధరలు పెరిగినప్పుడు విలువ సరిచేయడం మర్చిపోవద్దు.

డిడక్టిబుల్ (నష్టంలో బీమా కాక మనం కట్టుకునే భాగం) నియమం సులువు: విమానం ఎవరి చేతిలో ఉండగా దెబ్బతింటే వారే కట్టాలి. టెక్సస్ వడగళ్లలా ఎవరి ప్రమేయమూ లేనిదైతే నలుగురూ.

ఆరో అడుగు: క్యాలెండర్, విమానంలో కాగితం

ఆన్‌లైన్ క్యాలెండర్ ఏదైనా సరే, నియమాలు ముఖ్యం. ఒకరి పేరున ఒకేసారి రెండుకు మించి వారాంతపు బుకింగులు ఉండకూడదు. వారానికి మించిన ప్రయాణం ఏడాదికొకటి. జూలై 4, థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాంతాలకు చీటీ తీసి ఏటా వరస మార్చండి. బుక్ చేసిన సమయానికి గంట దాటినా కబురు లేకపోతే మిగతావారు తీసుకోవచ్చు. వాతావరణం బాగాలేక వేరే ఊళ్లో చిక్కుకుంటే, తర్వాతి మనిషి ఫోన్ చేసి "ఎప్పుడొస్తున్నావ్" అని తొందరపెట్టకూడదని కూడా రాసుకోండి. ఇంటికి చేరాలన్న ఒత్తిడి ఎంతోమంది పైలట్ల ప్రాణాలు తీసింది.

పెట్రోలు ఎంత ఉంచి దిగాలి? ట్యాంకులు నిండా నింపి పెట్టడం మర్యాద అనుకుంటారు, కానీ తర్వాతి మనిషి కుటుంబంతో నలుగురు ఎక్కాలంటే 172లో అది బరువు మించుతుంది. గ్యాలన్ ఆరు పౌండ్లు. పోయడం తేలిక, తీయడం పెద్ద పని. సగం ట్యాంకులు వదిలే నియమం మేలు. చెరొకీలో అయితే ట్యాంకులో కనిపించే ట్యాబ్ (గుర్తుగా పెట్టిన లోహపు ముక్క) వరకు.

విమానంలో క్లిప్‌బోర్డు మీద ఒక కాగితం: తేదీ, పేరు, టాక్ మొదలు, టాక్ చివర, పోసిన పెట్రోలు, పోసిన నూనె, గమనించిన లోపాలు. ఈ ఏడు గడులు చాలు. ఒకరి చివరి అంకె, తర్వాతివారి మొదటి అంకె కలవకపోతే రాయనిది ఎవరో అక్కడే దొరుకుతుంది. నూనె గడిని తేలిగ్గా తీసుకోకండి. 172ఎం సంపు (ఇంజిన్ నూనె తొట్టి) 8 క్వార్టులు, కనీసం 6 ఉండాలి, మూడు గంటల లోపు ప్రయాణాలకు 7 చాలని సెస్నా మాన్యువలే చెబుతుంది. నలుగురిలో ఒక జాగ్రత్తపరుడు ప్రతిసారీ 8కి నింపుతాడు. ఆ ఎనిమిదో క్వార్టు బ్రీదర్ గొట్టం గుండా బయటికెళ్లి విమానం పొట్ట కింద నల్లటి చారగా మిగులుతుంది. తర్వాతివాడు డిప్‌స్టిక్ చూసి "ఇంజిన్ నూనె తాగుతోంది" అని అందరికీ మెసేజ్ పెడతాడు.

ఏడో అడుగు: మరమ్మతుల అధికారం

విమానం ఎగరకూడదని ఒక్కరు అన్నా ఆగాలి. మళ్లీ ఎగరొచ్చని చెప్పాల్సింది మెకానిక్, మెజారిటీ ఓటు కాదు. ఒకరిని మెయింటెనెన్స్ బాధ్యుడిగా పెట్టి 500 డాలర్ల వరకు అడగకుండా ఖర్చు పెట్టే అధికారం ఇవ్వండి. 2,500 వరకు ఇద్దరి ఒప్పుదల, ఆపైన మెజారిటీ. ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ వస్తే ఓటింగ్ లేదు, చేయించాల్సిందే. కొత్త రేడియోలు, ఆటోపైలట్ లాంటి ముచ్చట్లకు నలుగురూ ఒప్పుకోవాలి. ఒకరే కావాలంటే ఒకరే పెట్టుకోవచ్చు, అయితే అది విమానంలో భాగమైపోతుందనీ, వాటా విలువ పెరగదనీ ముందే సంతకం పెట్టించుకోండి.

కొంత పని మీరే చేసుకుని ఆదా చేయవచ్చు. ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉన్న యజమాని నూనె మార్చడం, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయడం, టైరు, బ్యాటరీ మార్చడం వంటివి ప్రివెంటివ్ మెయింటెనెన్స్ కింద చేయవచ్చు. చేసిన పని, తేదీ, సంతకం, సర్టిఫికెట్ నంబరు లాగ్‌బుక్‌లో రాయాలి. నూనె ఫిల్టరు ఉంటే 50 గంటలకు, జల్లెడ మాత్రమే ఉంటే 25 గంటలకు, గంటలు నిండకపోయినా నాలుగు నెలలకు మార్చాలి. నలుగురి గుంపులో ఈ నాలుగు నెలల షరతే మరుగున పడుతుంది.

సొంత, వ్యక్తిగత వాడకానికి 100 గంటల ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదు, 12 నెలలకు ఆన్యువల్ చాలు. ఇన్‌స్ట్రక్టర్‌ని బయటినుంచి పిలిచి మీ విమానంలో మీరు నేర్చుకున్నా అదే నియమం. ఒక భాగస్వామే ఇన్‌స్ట్రక్టర్ అయి, అదే విమానంలో బయటివారికి డబ్బుకు నేర్పితే మాత్రం 100 గంటలదీ కావాలి, బీమా కూడా మారాలి.

స్నేహితులను ఎక్కించుకుని ఖర్చు పంచుకోవడంలోనూ హద్దు ఉంది. ప్రైవేట్ పైలట్ తన వంతు తగ్గకుండా కట్టాలి. పంచుకోగలిగేది పెట్రోలు, నూనె, విమానాశ్రయ రుసుములు, అద్దె మాత్రమే. హ్యాంగర్ అద్దెలోంచో బీమాలోంచో ప్రయాణికుల దగ్గర వసూలు చేయకూడదు. ముగ్గురు మిత్రులను ఎక్కించుకుని పెట్రోలు 120 డాలర్లయితే వాళ్ల దగ్గర 90కి మించి తీసుకోరాదు.

చివరి అడుగు: బయటికెళ్లే దారి

ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్లడం, పైలట్‌గా ఎగరడానికి కావలసిన మెడికల్ సర్టిఫికెట్ రాకపోవడం, రెండో బిడ్డ పుట్టడం, ఇలా ఎవరో ఒకరు తప్పుకోవడం ఖాయం. ఒప్పందంలో ఈ భాగం అన్నిటికంటే పొడుగ్గా ఉండాలి.

90 రోజుల నోటీసు. ముందు మిగతా ముగ్గురికి కొనుక్కునే హక్కు, వాళ్లు వద్దంటే బయటివారికి. కొత్త మనిషిని మిగతావాళ్లూ బీమా కంపెనీ ఒప్పుకోవాలి. వాటా అమ్ముడయ్యేదాకా వెళ్లేవారు నెలకు 275 కడుతూనే ఉండాలి. ఈ వాక్యం లేకపోతే వెళ్లిపోయినవారికి అమ్మాలన్న తొందర ఉండదు, భారం ఉన్నవారి మీద పడుతుంది.

ధర ఇలా కట్టండి. రెండేళ్లలో గుంపు 400 గంటలు ఎగిరింది, ఇంజిన్ 1,600కి చేరింది. ఆ స్థితిలో విమానానికి మార్కెట్ ధర 88,000 అని ఇద్దరు స్వతంత్ర వ్యక్తుల అంచనాల సగటు. నిధిలో మొదటి 21,600, దానికి 400 గంటల మీద 18 చొప్పున 7,200 కలిపి 28,800. రెండూ కలిపి 1,16,800, నాలుగో వంతు 29,200. కొత్తవారు ఆ మొత్తం కట్టి వాటాతోపాటు నిధిలో వంతు కూడా పొందుతారు. "నేను తక్కువ ఎగిరాను, నిధిలో నాకు ఎక్కువ రావాలి" అన్న వాదన చెల్లదు. తక్కువ ఎగిరినవారు తక్కువే వేశారు, ఎక్కువ ఎగిరినవారు తాము అరగదీసినంత వేశారు.

డబ్బు కట్టడం ఆగితే: 30 రోజులకు ఎగిరే హక్కు నిలిపివేత, 90 రోజులకు వాటాను పై లెక్క ప్రకారం 10 శాతం తగ్గించి మిగతావారు తీసుకునే హక్కు, బాకీ అందులోంచి మినహాయింపు. మరణం, దివాలా, విడాకుల సందర్భాలు కూడా విడివిడిగా రాయించండి. టెక్సస్, కాలిఫోర్నియాల్లో పెళ్లయ్యాక కొన్న ఆస్తిలో భార్యాభర్తలిద్దరికీ హక్కు ఉంటుంది కాబట్టి జీవిత భాగస్వామి కూడా ఒప్పందం మీద సంతకం పెట్టాలి. కాగితాన్ని ఒక లాయరుకు చూపించి, ఎనిమిది సంతకాలూ అయ్యాకే ఎస్క్రోకి డబ్బు పంపండి.